టొల్యూన్‌లో బతికే బ్యాక్టీరియా గొప్పదనం గోడది కాదు, పంపుది

"పెయింట్ థిన్నర్‌లో వాడే టొల్యూన్ కొవ్వును కరిగిస్తుంది, బ్యాక్టీరియా పొర కొవ్వుతోనే ఉంటుంది. మరి కొన్ని బ్యాక్టీరియా అందులో ఎలా బతుకుతున్నాయి?" అని ఒకరు అడిగారు.

ఈ ప్రశ్న చూస్తే నాకు ఎమ్మెస్సీ ప్రాజెక్టు గుర్తొచ్చి ఇప్పటికీ సిగ్గేస్తుంది. మెకానిక్ షెడ్డు మట్టిలోంచి అలాంటి బ్యాక్టీరియాను పట్టాలని బయల్దేరాను. మొదటిరోజే ప్లాస్టిక్ పెట్రి ప్లేట్లో టొల్యూన్ పోస్తే ప్లేటే తెల్లబారి మెత్తబడిపోయింది. సరేనని గాజు ఫ్లాస్కులో పోసి, దూది బిరడా పెట్టి రాత్రంతా షేకర్ మీద ఉంచాను. పొద్దున చూస్తే చిక్కగా పెరిగింది! ల్యాబంతా చాటేసి, అందరికీ టీ కూడా ఇప్పించాను. మా గైడ్ గారు వచ్చి బిరడా తీసి వాసన చూశారు. "టొల్యూన్ ఏదమ్మా?" అన్నారు. దూదిలోంచి ఎప్పుడో ఆవిరైపోయింది. పక్కనే పోల్చుకోవడానికి పెట్టిన, టొల్యూన్‌కు తట్టుకోలేని మామూలు ఈ.కోలై బ్యాక్టీరియా కూడా అంతే చిక్కగా ఉంది, నేనే చూసుకోలేదు.

స్క్రూ మూత సీసాలు కావాలంటే ఇండెంటు మీద సంతకాలకే నెలన్నర పట్టింది. ఆ నెలన్నరా కూర్చుని పేపర్లు చదివాను, అందుకే ఇంత ధీమాగా చెబుతున్నాను.

"వాటి గోడ గట్టిది" అంటారు చాలామంది. నేనొప్పుకోను. పొరలోని కొవ్వు ఆమ్లాలు ఆకారం మార్చుకుని కాస్త బిగుస్తాయి, నిజమే. అయినా టొల్యూన్ దూరుతూనే ఉంటుంది. ఇంట్లోకి వాననీళ్లొస్తుంటే చెంబుతో ఎత్తిపోసినట్టు, దాన్ని బయటికి తోడేసేవి పొరలోని పంపు ప్రోటీన్లు. లోపలి పొరలో ఒకటి, బయటి పొరలో గొట్టంలా ఒకటి, రెంటినీ కలుపుతూ ఇంకొకటి. లోపలికొచ్చే ప్రోటాన్ల (హైడ్రోజన్ అయాన్ల) జోరుతోనే ఇవి నడుస్తాయి. 1989లో జపాన్ వాళ్లు సగానికి సగం టొల్యూన్ ఉన్నా పెరిగే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాను చూపించారు. స్పెయిన్‌లోని గ్రనడా వాళ్ల డాట్-టీ1ఈ రకం సూడోమోనాస్ పుటిడాలో ఇలాంటి పంపులు మూడున్నాయి. మూడూ చెడగొడితే అది టొల్యూన్ ఆవిరికి కూడా ఆగలేదు. గోడ అక్కడే ఉంది కదా, మరి ఎందుకు కాపాడలేదు?

ఇంకో సంగతి, ఈ.కోలైలోని ఏసీఆర్ఏబీ-టోల్‌సీ పంపు హెక్సేన్ లాంటి ద్రావకాలతోపాటు టెట్రాసైక్లిన్, క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్‌లనీ కూడా బయటికి తోసేస్తుంది. యాంటీబయాటిక్ పనిచేయలేదనగానే మందును తిట్టేవాళ్లు ఈ పంపు పేరెత్తరు, నాకు అదే ఒళ్లు మంట.

సీసాలు వచ్చాక మూత బిగించి మళ్లీ పెట్టాను. మా షెడ్డు మట్టి బ్యాక్టీరియాల్లో ఒక్కటీ పెరగలేదు.