ట్రస్టుకి గ్రాంటు రావాలంటే ముందు చెరువు కాగితం
అమలాపురం పక్కన దాత ఇచ్చిన తోటనీ, ఆనుకుని ఉన్న పంచాయతీ చెరువునీ మీ ట్రస్టు కాపాడాలి, డబ్బెక్కడ దొరుకుతుందని అడిగారు కదండీ. ముందు సీఎస్ఆర్ నిధులకి, అంటే కంపెనీలు సామాజిక పనులకి పెట్టే డబ్బుకి, ప్రయత్నించండి. ఆ డబ్బు ఏ పనులకి పెట్టొచ్చో చెప్పే కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్లో సహజ వనరుల పరిరక్షణ ఉంది. 2021 ఏప్రిల్ నుంచి ఈ నిధులు తీసుకునే సంస్థలకి సీఎస్ఆర్-1 ఫారంతో రిజిస్ట్రేషన్ తప్పనిసరి, దానికి ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ గుర్తింపులు ఉండాలి. ఆడిటరుతో ఓసారి కూర్చుంటే ఆ టెన్షన్ తీరిపోతుంది.

అసలు చిక్కు చెరువుతోనే. అది మీ ఆస్తి కాదు, పంచాయతీ తీర్మానం లేకుండా పూడికతీతకి నిధులు అడిగితే ఫైలు కదలదు. సర్వేయరుతో హద్దులు కొలిపించి ఎఫ్ఎంబీ (పొలం కొలతల పుస్తకం) నకలు, మురుగు కాలువ వైపు తెగిన గట్టు ఫొటో, ఎండాకాలం తీసిన నీటి ఉప్పు పరీక్ష రిపోర్టు జతచేయండి. (పక్కన ఉప్పునీటి రొయ్యల చెరువులుంటే ఆ నీటి రిపోర్టే సగం పని చేస్తుంది.) నేనైతే భూమి కొనడానికి అడగను, గట్టు, తూము, పూడిక వరకే అడుగుతాను.