ఇంగ్లండ్ బడిలో ఫిజిక్స్ టీచర్ ఉద్యోగం: జీతం సరే, పింఛను మాటేమిటి?

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచరుగా చేసి రిటైరయ్యాను. పాత పింఛను వస్తోంది. మా అమ్మాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్, బీఈడీ. ఐదేళ్లుగా విజయవాడలో ఒక ప్రైవేటు స్కూల్లో హైస్కూలు తరగతులకు పాఠాలు చెబుతోంది. డీఎస్సీలో కొద్దిలో పోస్టు తప్పింది. అల్లుడిది సాఫ్ట్‌వేర్. మనవడికి మూడేళ్లు. ఇంగ్లండ్‌లో ఫిజిక్స్ టీచర్లు దొరకడం లేదని, ఆరు లక్షలు కడితే క్యూటీఎస్ చేయించి ఉద్యోగం, వీసా ఇప్పిస్తామని ఒక కన్సల్టెన్సీ వాళ్లు వెంటపడుతున్నారు. జీతం ఎంత ఉంటుంది? నాకు వచ్చినట్టు పింఛను వస్తుందా? పంపమంటారా? — ఒక తండ్రి, తెనాలి

జవాబు: మాస్టారూ, ముందు ఆ ఆరు లక్షల సంగతి తేల్చేద్దాం. క్యూటీఎస్ అంటే క్వాలిఫైడ్ టీచర్ స్టేటస్. ఇంగ్లండ్ విద్యాశాఖే ఇస్తుంది. దరఖాస్తు ఆ ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే, ఫీజు లేదు. మన దేశంలో చదివిన టీచర్లకు 2023 ఫిబ్రవరి నుంచి ఈ దారి తెరిచారు. అదీ అందరికీ కాదు, హైస్కూలు వయసు పిల్లలకు లెక్కలు, సైన్సు, భాషలు చెప్పేవాళ్లకు. మీ అమ్మాయి ఆ గీతలో సరిగ్గా ఉంది. ఇక ఉద్యోగం ఇప్పించినందుకు అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోవడం బ్రిటన్ చట్టం ప్రకారమే కుదరదు. మన దగ్గర రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంటు వసూలు చేయగల సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. ఆ కన్సల్టెన్సీ పేరు కేంద్రం వాళ్ల ఈ-మైగ్రేట్ సైట్‌లో ఉందో లేదో చూడండి. లేకపోతే మాట్లాడాల్సిన పని కూడా లేదు.

కొరత మాట మాత్రం అబద్ధం కాదు. 2023-24లో ఇంగ్లండ్‌లో ఫిజిక్స్ టీచరు శిక్షణలో చేరాల్సినవాళ్ల లక్ష్యంలో 17 శాతమే నిండింది. అక్కడ ఫిజిక్స్ డిగ్రీ ఉన్న కుర్రాడికి బడికంటే మంచి జీతం బయట దొరుకుతుంది, అందుకే రాడు. చాలా బళ్లలో బయాలజీ చదివిన టీచరే ఫిజిక్స్ కూడా లాగించేస్తుంటారు. దానికి రెండో వైపు కూడా ఉంది: మీ అమ్మాయి వెళ్తే చిన్న తరగతులకు బయాలజీ, కెమిస్ట్రీ కూడా చెప్పాల్సి రావచ్చు. ఇప్పుడే చెప్పి ఉంచండి.

కొరత ఉంది కదా అని ఉద్యోగం దానంతటది రాదు. అక్కడ డీఎస్సీ లాంటిది లేదు. రాష్ట్రమంతటికీ ఒక పరీక్ష, ఒక మెరిట్ లిస్టు, రోస్టరు, కౌన్సెలింగు, ఇవేవీ లేవు. ఏ బడి ఖాళీ ఆ బడిదే. ప్రకటన వాళ్లే ఇస్తారు, ఇంటర్వ్యూ వాళ్లే చేస్తారు. విద్యాశాఖ నడిపే 'టీచింగ్ వేకెన్సీస్' అనే ఉచిత సైట్‌లో ఈ ప్రకటనలు వస్తాయి. వీసా స్పాన్సర్ చేయగలరా లేదా అన్నది ప్రకటనలోనే రాస్తారు. ఆ బడికి స్పాన్సర్ లైసెన్సు, అంటే విదేశీయుల్ని వీసా మీద ఉద్యోగంలోకి తీసుకునే అనుమతి, ఉందో లేదో ప్రభుత్వం ప్రచురించే జాబితాలో పేరు వెతికి చూసుకోవచ్చు.

కాలం కూడా చూసుకోవాలి. ఇంగ్లండ్‌లో టీచరు తనకిష్టమైనప్పుడు మానేయలేడు. ఆగస్టు చివరికి వెళ్లిపోవాలంటే మే 31లోపు రాజీనామా ఇవ్వాలి. డిసెంబరుకైతే అక్టోబరు 31, ఏప్రిల్‌కైతే ఫిబ్రవరి చివర. అందుకే సెప్టెంబరులో చేరే పోస్టుల ప్రకటనలు ఎక్కువగా జనవరి, మే నెలల మధ్య పడతాయి. జూన్‌లో మన బళ్లు తెరిచాక తీరిగ్గా వెతకడం మొదలుపెడితే అక్కడ మంచి బళ్లన్నీ అయిపోయి ఉంటాయి.

ఇంటర్వ్యూలో మనవాళ్లు ఎక్కడ తడబడతారో ఒకటి చెబుతాను. సబ్జెక్టులో కాదు. "ఒక అమ్మాయి మీ దగ్గరికి వచ్చి, మేడం, ఒక మాట చెప్తా, ఎవరికీ చెప్పొద్దు అంటే ఏం చేస్తారు?" అని అడుగుతారు. మన టీచరు మంచి మనసుతో "ఎవరికీ చెప్పనని మాటిచ్చి, ధైర్యం చెప్తాను" అంటుంది. లేదా "వెంటనే వాళ్ల అమ్మానాన్నలకు ఫోన్ చేస్తాను" అంటుంది. రెండు జవాబులూ ఆమె అవకాశాన్ని దెబ్బతీస్తాయి. రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వకూడదు. పిల్ల చెప్పింది విని, చెప్పింది చెప్పినట్టు రాసి, బడిలో పిల్లల రక్షణ కోసం నియమించిన బాధ్యుడికి ఆ రోజే అందించాలి. బాధ పెట్టేది ఇంట్లోవాళ్లే కావచ్చు కదా, అందుకని. 'కీపింగ్ చిల్డ్రన్ సేఫ్ ఇన్ ఎడ్యుకేషన్' అని ప్రభుత్వ మార్గదర్శకం ఉంది, ఉచితంగా దొరుకుతుంది. ఇంటర్వ్యూకి ముందు దాని మొదటి భాగం చదవాల్సిందే. దీంతోపాటు ఒక పాఠం చెప్పి చూపించమంటారు. దూరంగా ఉన్నవాళ్లకు కొన్ని బళ్లు వీడియోలో పెడతాయి. అక్కడ బోర్డు నింపేసి, సూత్రం రాయించి, లెక్క చేయించే పద్ధతికి మార్కులు పడవు. ఎంతమంది పిల్లలకు అర్థమైందో మధ్యలో ఎలా కనిపెట్టారన్నదే చూస్తారు.

ఇక జీతం. ప్రభుత్వ నిధులతో నడిచే బళ్లకు ఏటా కొత్త స్కేలు వస్తుంది. 2025 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్నది 4 శాతం పెంపుతో వచ్చింది. దాని ప్రకారం లండన్ బయట మొదటి మెట్టు ఏడాదికి 32,916 పౌండ్లు. మెయిన్ స్కేలులో ఆరో మెట్టు, అంటే చివరిది, 45,352. ఇన్నర్ లండన్‌లో మొదటి మెట్టే 40,317. లండన్ అంకె చూసి మురిసిపోవద్దు, ఆ తేడాను అద్దె మింగేస్తుంది. క్యూటీఎస్ లేకుండా చేరితే అన్‌క్వాలిఫైడ్ స్కేలు వేరే ఉంది, అది 22,601 దగ్గర మొదలవుతుంది. విదేశంలో శిక్షణ పొందిన టీచరు క్యూటీఎస్ లేకుండా నాలుగేళ్లు చెప్పవచ్చన్న నిబంధన నిజమే. కానీ ఆ స్కేలు మొదటి మెట్టు వీసాకు కావాల్సిన కనీస జీతాన్నే అందుకోదు. క్యూటీఎస్ చేతికొచ్చాకే దరఖాస్తులు పెట్టమనండి.

మీ అమ్మాయి ఐదేళ్ల అనుభవాన్ని ఏ మెట్టుగా లెక్కించాలన్నది బడి ఇష్టం. మన దగ్గర పే ఫిక్సేషన్ జీవోలు ఉన్నట్టు అక్కడ ఆటోమేటిక్‌గా ఇంక్రిమెంట్లు కలవవు. కొన్ని బళ్లు మూడో మెట్టు ఇస్తాయి, కొన్ని మొదటి మెట్టులోనే కూర్చోబెడతాయి. మొదటికీ మూడోదానికీ తేడా ఏడాదికి 4,000 పౌండ్ల పైనే. ఇది ఆఫర్‌కు సరే అనేముందే అడగాలి. సంతకం పెట్టాక అడిగితే నవ్వి ఊరుకుంటారు. ఇంకోటి, అక్కడి హైస్కూళ్లలో ఎక్కువ భాగం అకాడమీలు, అంటే ప్రభుత్వ నిధులతోనే నడుస్తూ స్థానిక కౌన్సిల్ అజమాయిషీలో లేని బళ్లు. వాటిలో చాలావరకు ఇదే స్కేలు పాటిస్తున్నా, కాంట్రాక్టులో ఏం రాశారో చదువుకోవాలి.

మొదటి మెట్టు జీతంలో చేతికొచ్చేది లెక్కేసి చూశాను. పింఛను వాటా, ఇన్‌కంటాక్సు, నేషనల్ ఇన్సూరెన్సు (జీతంలోంచి ప్రభుత్వం కోసే సామాజిక భద్రత చందా) పోగా నెలకు 2,100 పౌండ్లు. రూపాయల్లోకి మార్చి చూడకండి, ఖర్చు అక్కడే కదా. అల్లుడు డిపెండెంట్ వీసా మీద వెళ్లి ఉద్యోగం చేసుకోవచ్చు, అది పెద్ద ఊరట. కానీ బయల్దేరేముందే అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం హెల్త్ సర్‌చార్జి కట్టాలి: పెద్దవాళ్లకు ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు 776. ముగ్గురికి మూడేళ్లకు కలిపి 8,538 పౌండ్లు. వీసా ఫీజు, టికెట్లు, ఇల్లు తీసుకోవడానికి డిపాజిట్టు వేరే. ఆ ఆరు లక్షలు మీ దగ్గరుంటే వాటి అసలు చోటు ఇదీ. మనవడికి మూడేళ్లు నిండాయి కాబట్టి ఏడాదిలో 38 వారాలు, వారానికి 15 గంటల నర్సరీ ఉచితం. మిగతా గంటలకు జేబులోంచే పెట్టుకోవాలి, అది మామూలు ఖర్చు కాదు. కొన్ని పాత యూట్యూబ్ వీడియోల్లో ఫిజిక్స్ టీచర్లకు 10,000 పౌండ్ల రీలొకేషన్ సొమ్ము ఇస్తారని చెబుతారు. అది 2023లో ప్రయోగంగా పెట్టిన పథకం. దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

ఇప్పుడు మీరు అసలు అడిగిన ప్రశ్న. మీకు ఇదెందుకంత పట్టింపో నాకు తెలుసు. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవాళ్లు సీపీఎస్‌లో పడ్డారు. జీతంలో 10 శాతం వాళ్లది, 10 శాతం ప్రభుత్వానిది, అదంతా మార్కెట్‌లో. స్టాఫ్‌రూమ్‌లో మీ పక్క కుర్చీలోనే ఆ తేడా చూసి ఉంటారు. ఇంగ్లండ్ టీచర్ల పింఛను సీపీఎస్ లాంటిది కాదు, మీ పాత పింఛనుకు దగ్గర చుట్టం. మార్కెట్‌తో పనిలేదు, బతికున్నంత కాలం ఇంత అని ప్రభుత్వం హామీ ఇస్తుంది.

లెక్క మాత్రం వేరు. మీకు ఆఖరి జీతం మీద, 33 ఏళ్ల సర్వీసుకు సగం అని కట్టారు. అక్కడా ఒకప్పుడు ఆఖరి జీతమే లెక్క. 2015 ఏప్రిల్ నుంచి ఏ ఏడు జీతానికి ఆ ఏడు లెక్క. ఆ ఏడాది జీతంలో 57వ వంతు పింఛనుగా రాసుకుంటారు. 37,101 పౌండ్ల జీతమైతే ఆ ఒక్క ఏడాదికి 650 పౌండ్ల వార్షిక పింఛను జమ. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆ అంకెను ధరల పెరుగుదల మీద ఇంకో 1.6 శాతం కలిపి ఏటా పెంచుతారు. టీచరు తన వాటాగా జీతాన్ని బట్టి 7.4 నుంచి 12 శాతం కట్టాలి. బడి కట్టేది 28.68 శాతం. ఇది చూసి మనవాళ్లు పీఎఫ్ లాగా తమ ఖాతాలో పడుతుందనుకుంటారు. పడదు. ఖాతా అనేదే లేదు. మధ్యలో తీసుకోవడం, ఇల్లు కట్టుకోవడానికి అడ్వాన్సు, అవేవీ లేవు.

రెండేళ్లు పూర్తికాకుండా వచ్చేస్తే తను కట్టింది పన్ను పోగా వెనక్కిస్తారు, బడి వాటా రాదు. రెండేళ్లు దాటితే వాపసు లేదు, పింఛను ఖాయం. ఐదేళ్లు చేసి తిరిగొచ్చేసినా, ఆ ఐదేళ్లకు 3,200 పౌండ్ల పైచిలుకు వార్షిక పింఛను ఆమె పేరున ఉంటుంది, ధరలతోపాటు పెరుగుతూ. ఇండియాలో ఉన్నా చెల్లిస్తారు. అయితే ఎప్పుడు? ఇప్పటి చట్టం ప్రకారం ఆమె వయసువాళ్లకు 68 ఏళ్లకు. ముందే కావాలంటే కోత పెట్టి ఇస్తారు. సర్వీసులో ఉండగా పోతే కుటుంబానికి మూడేళ్ల జీతం ఒకేసారి ఇస్తారు. చిన్న పిల్లాడున్న ఇంటికి ఇది తక్కువేమీ కాదు.

దీనికి తోడు ప్రజలందరికీ ఉండే స్టేట్ పింఛను వేరే. దానికి కనీసం 10 ఏళ్ల నేషనల్ ఇన్సూరెన్సు కావాలి, పూర్తిగా రావాలంటే 35. ఇండియాలో ఉంటూ తీసుకుంటే మొదట ఎంతిచ్చారో అంతే, ఏటా పెంచరు. టీచర్ల పింఛనుకు ఆ తిప్పలు లేవు.

ఈ పింఛను అన్ని బళ్లలోనూ రాదు, అక్కడే జాగ్రత్త. కౌన్సిల్ బళ్లలో, అకాడమీల్లో తప్పనిసరిగా ఉంటుంది. ఫీజులు కట్టే ప్రైవేటు బళ్లు 2019 నుంచి వందల సంఖ్యలో ఈ పథకం వదిలేశాయి, కట్టాల్సిన వాటా పెరిగిందని. 2025 జనవరి నుంచి వాళ్ల ఫీజుల మీద 20 శాతం వ్యాట్ కూడా పడింది. ఇక ఏజెన్సీ ద్వారా రోజు లెక్కన వెళ్లే సప్లై టీచరుకు ఈ పింఛను లేదు. కన్సల్టెన్సీ వాళ్లు చూపిస్తున్న ఉద్యోగం ఇలాంటిదేమో అని నా అనుమానం. ఆఫర్ లెటర్ మీద యజమాని పేరు బడిదా, ఏజెన్సీదా, అది చూడండి.

పంపమంటారా అంటే, పింఛను కోసమైతే వద్దు. అరవై ఎనిమిదేళ్ల నాటి లాభం కోసం ముప్పై ఏళ్ల పిల్లను కదపక్కర్లేదు. ఐదేళ్లకు పర్మనెంటు అనే మాటా నమ్మకండి. దాన్ని పదేళ్లకు పెంచే ఆలోచనను అక్కడి ప్రభుత్వం 2025 మేలోనే బయటపెట్టింది. వెళ్లాలంటే కారణం ఆమెకు ఆ పని మీద ఇష్టం కావాలి, ఎదురు మాట్లాడే తొమ్మిదో తరగతి పిల్లల్ని అరవకుండా, కొట్టకుండా ఏడాదంతా నెట్టుకురాగల ఓపిక కావాలి. ఆ ఓపిక ఉంటే మాత్రం ఆమె సబ్జెక్టుకు ఇంతకంటే మంచి అదను లేదు. నేనైతే ఇక్కడి ఉద్యోగం మానకుండా ప్రయత్నించమంటాను. మధ్యలో డీఎస్సీ నోటిఫికేషన్ వస్తే అదీ రాయనివ్వండి, రెండూ ఒకదానికొకటి అడ్డు కాదు.

వెంటనే చేయాల్సింది చిన్నదే కానీ కష్టమైనది. ప్రైవేటు స్కూళ్లలో చాలామందికి అపాయింట్‌మెంట్ ఆర్డరే ఉండదు, జీతం కవర్లో పెట్టి ఇస్తారు. క్యూటీఎస్ వాళ్లు ఆమె పనిచేసిందా లేదా అని బడికి నేరుగా రాసి కనుక్కుంటారు. కాబట్టి చేరిన తేదీ, ఏ తరగతులకు ఏ సబ్జెక్టు చెప్పిందో రాసిన సర్వీసు సర్టిఫికెట్ ప్రిన్సిపాల్ సంతకంతో ఇప్పుడే తీసుకోవాలి. వెళ్లిపోతోందని తెలిశాక ఇచ్చే యాజమాన్యాలు తక్కువ. జవాబిచ్చే ఈమెయిల్ ప్రిన్సిపాల్ సొంతది కాకుండా స్కూలు పేరుతో ఉంటే మేలు. డిగ్రీ ఇంగ్లీషు మీడియంలోనే చదివినట్టు యూనివర్సిటీ నుంచి కాగితం కూడా పెట్టించండి, క్యూటీఎస్‌కు పనికొస్తుంది. కన్సల్టెన్సీకి అడ్వాన్సు ఏదైనా ఇచ్చి ఉంటే, ఏ సేవకు ఎంతో విడివిడిగా రాసిన రసీదు అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల చేతిలో ఉంటే మాత్రం ముందు అవి తెచ్చుకోండి.