మైనస్ పవర్ ఉంటే రెటీనా ఊడిపోతుందా?

"నాది మైనస్ 7. రెటీనా ఊడే ప్రమాదం ఎక్కువని డాక్టరు గారు అన్నారు. కళ్లద్దాలకీ దానికీ ఏం సంబంధం?" అని ఒకరు అడిగారు.

సంబంధం కళ్లద్దాలతో కాదు, కన్ను పొడవుతో. మామూలు కన్ను ముందు నుంచి వెనక్కి దాదాపు 24 మిల్లీమీటర్లు ఉంటుంది. పవర్ మైనస్ 6 దాటినవాళ్లలో సాధారణంగా 26 పైనే. రెండు మిల్లీమీటర్లేగా అనిపిస్తుంది గానీ, లోపల అస్తరులా ఉండి మనకు చూపునిచ్చే పొర, అంటే రెటీనా కూడా దాంతోపాటే సాగి అంచుల్లో పల్చబడుతుంది. కంట్లో నిండి ఉండే జెల్లీ లాంటి విట్రియస్ కూడా వీళ్లలో త్వరగా నీరవుతుంది. అది రెటీనా నుంచి విడివడేటప్పుడు పల్చటి చోట గట్టిగా లాగితే చిరుగు పడుతుంది. ఆ చిరుగులోంచి నీరు వెనక్కి చేరి, చెమ్మ పట్టిన గోడ మీద పెయింటు ఉబ్బి లేచినట్టు రెటీనా లేస్తుంది.

కళ్లద్దాల అవసరం తగ్గించే లేజర్ ఆపరేషన్, అదే లేసిక్, చేయించుకుంటే ఈ భయం పోతుందనుకోకండి. అది కంటి ముందుండే పారదర్శకమైన పొర కార్నియాను మాత్రమే సరిచేస్తుంది, కన్ను పొడవు అలాగే ఉంటుంది.

అలాగని టెన్షన్ అక్కర్లేదు, చాలామందికి ఎప్పటికీ ఊడదు. డాక్టరు చెప్పిన గడువు ప్రకారం కంటిపాపను పెద్దది చేసే చుక్కల మందు వేయించుకుని రెటీనా పరీక్ష చేయించుకోండి. చిరుగు ముందే దొరికితే చాలాసార్లు లేజర్‌తో సరిపోతుంది. ఉన్నట్టుండి నల్లటి నలుసులు తేలినా, మెరుపులు కనిపించినా, పక్క నుంచి తెర దిగినట్టున్నా అదే రోజు వెళ్లండి. నొప్పి ఉండదు, అందుకే చాలామంది రేపు చూద్దాంలే అనుకుంటారు.