బీరువా మీది కవర్లు

ప్రశ్న: మాది చిత్తూరు టౌను. మా ఆయనకు జెరాక్సు షాపు ఉంది. మేనమామ కొడుకు మామిడి మండీ పెడతానంటే, బ్యాంకులో 6 లక్షల అప్పుకు హామీ సంతకం పెట్టినారు. రెండు సీజన్లు నష్టం వచ్చేసరికి ఆ అబ్బాయి ఫోను ఆపేసి ఊరు విడిచి పోయినాడు. పది నెలలుగా బ్యాంకువాళ్ళు మా గడప తొక్కుతున్నారు. మా ఆయన షాపు సరిగ్గా తెరవరు. గోడవైపు తిరిగి పడుకుంటారు. వచ్చిన నోటీసులు విప్పకుండానే బీరువా మీద పెడుతున్నారు. ‘నేను పోతే మీకు నెమ్మది’ అని ఒకసారి అన్నారు. మా అత్తేమో నా కాలు మంచిది కాదంటుంది. మా అన్న రోజూ పొద్దున్నే ‘పాజిటివ్‌గా ఆలోచించు’ అని వాట్సాప్‌లో పంపుతాడు. దేవుడున్నాడా అని కూడా అనిపిస్తోంది. నాకు కథలు, నవలలంటే ప్రాణం. వాటిలో ఎంత కష్టమొచ్చినా మనుషులు లేచి నిలబడతారు కదా, మాకెందుకు ఆ ధైర్యం రావడం లేదు? వ్యక్తిత్వ వికాసం పుస్తకం తెచ్చిస్తే ఆయన విసిరికొట్టినారు. ఇంకే పుస్తకం ఇమ్మంటారు?

జవాబు: అమ్మా, ప్రస్తుతానికి ఏ పుస్తకమూ ఇవ్వకండి.

ఉత్తరం మధ్యలో ఒక మాట రాసి, వెంటనే మీ అత్తగారి సంగతిలోకి వెళ్ళిపోయారు. ‘నేను పోతే మీకు నెమ్మది’ అన్న మాట. నేను అక్కడే ఆగిపోయాను. కోపంలో అన్నాడులే అని దాన్ని వదిలేయకండి. ఈ రాత్రే పక్కన కూర్చుని నేరుగా అడగండి, ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ అని. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని ఇంట్లోవాళ్ళు భయపడతారు. పుట్టదు. అడిగేవాళ్ళు ఒకరున్నారని తెలిస్తే లోపల బిగపట్టుకున్నది కొంత వదులవుతుంది. అవునన్నా, మాట దాటేసినా ఆయన్ను ఒంటరిగా వదలకండి. నిద్రమాత్రలు, ఎలుకల మందు, పురుగుల మందు ఇంట్లో ఉంటే తీసేయండి. మానసిక సహాయానికి ప్రభుత్వం నడిపే ఫోను సేవ టెలి మానస్, దాని నంబరు 14416. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు, ఆయన చేయకపోతే మీరే చేయండి. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మొదటి బస్సెక్కితే ఓపీ చీటీ రాసే వేళకు చేరుకుంటారు. నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకునే మనిషిని పిరికివాడనుకుంటాం గానీ, చాలాసార్లు అది జబ్బు. జబ్బుకు మందు ఉంటుంది.

ఇక కథల్లో మనుషుల ధైర్యం గురించి.

మా వైపు భారతమంటే పుస్తకం కాదు, పద్దెనిమిది రోజుల తిరునాళ్ళు. మీకు తెలియనిది కాదు. ధర్మరాజుల గుడి ముందు పగలు హరికథ, రాత్రి నాటకం. నా చిన్నప్పుడు పుత్తూరు దగ్గర ఒక పల్లెలో మా జేజి నన్ను చాప మీద పక్కన కూర్చోబెట్టుకుని చూపించేది. జూదం రాత్రి ఒక ముసలావిడ ఉన్నట్టుండి లేచి నిలబడి, ‘వద్దు సామీ, ఆడొద్దు, లేసి రా!’ అని ధర్మరాజు వేషగాడి మీద అరిచింది. ఆయన ఆడక మానతాడా! ఆడినాడు, ఓడినాడు. ఆట మధ్యలో ఆయన తెర వెనక్కి వచ్చి, చెమటకు రంగు కారిపోతుంటే ఒక రాతి మీద కూలబడినాడు. ఆ ముసలావిడే చెంబుతో మజ్జిగ తీసుకుపోయి ఇచ్చింది. ‘చెప్పినాను కదా’ అనలేదు. ఆయన తాగిందాకా ఉండి, చెంబు తీసుకుని వచ్చేసింది. అంతే.

అప్పటినుంచి దుర్యోధన వధ దాకా ద్రౌపది జుట్టు విరబోసుకునే ఉంటుంది. జుట్టు ముడేసుకుని కాస్త పాజిటివ్‌గా ఉండమ్మా అని ఊళ్ళో ఒక్కరూ అనరు. చివరి రోజు మట్టి దుర్యోధనుణ్ణి నేలమీద పడగొట్టినాకనే ఆ కొప్పు. అన్నాళ్ళూ ఆ దుఃఖానికి ఊరే చోటిస్తుంది. మన అచ్చు పుస్తకాల్లో, అందులోనూ విజయగాథల్లో, ఆ చోటు చాలా తగ్గిపోయింది. ‘అలా రెండేళ్లు గడిచాయి’ అని ఒక్క వాక్యంలో దాటేస్తారు. మీరు ఇప్పుడు బతుకుతున్నది ఆ ఒక్క వాక్యాన్ని. దాన్ని పూట పూటా గడపాల్సిన మనిషి, పేజీ తిప్పేసిన మనిషిని చూసి చిన్నబుచ్చుకోవడం న్యాయం కాదు.

అరణ్యపర్వంలో ఒక చోట నాకు చాలా ఇష్టం. అడవిలో ఉన్న ధర్మరాజు దగ్గరికి బృహదశ్వుడనే ముని వస్తాడు. ధర్మరాజు అంతటివాడు ఆయన ముందు, నాకంటే దురదృష్టవంతుడు లోకంలో ఎవడైనా ఉన్నాడా అని వాపోతాడు. ముని తిట్టడు. ఉన్నాడు, నలుడని ఒక రాజు, అంటాడు. అతడి వెంట అన్నదమ్ములు కూడా లేరు అంటాడు. అక్కడితో ఆపి వెళ్ళిపోయి ఉంటే, ఆ మాటకూ మీ అన్న పంపే మెసేజీలకూ పెద్ద తేడా ఉండేది కాదు. ‘నీకంటే కష్టంలో ఉన్నవాళ్ళను చూడు’ అనడం కన్నా చవకైన ఓదార్పు లేదు. ఆయన అలా పోలేదు. కథంతా కూర్చుని చెప్పాడు. చెప్పి, వెళ్ళేముందు ధర్మరాజుకు అక్షహృదయం నేర్పాడు. అంటే పాచికల మర్మం. మనిషి ఎందులో ఓడాడో అదే నేర్పి వెళ్ళాడు.

ఆ నలుడి కథలోకి ఒకసారి వెళ్దాం, మీ ఆయన అందులో కనిపిస్తారు. నలుడు మొదట ధైర్యంగా ఏమీ ఉండడు. రాజ్యం పోగొట్టుకుంటాడు, ఒంటిమీది బట్టను పక్షులు ఎత్తుకుపోతాయి, చివరికి నిద్రపోతున్న దమయంతి చీరలో సగం చింపుకుని అర్ధరాత్రి పారిపోతాడు. మన సాహిత్యం ఆ పారిపోవడాన్ని దాచలేదు. ఆ తర్వాత కర్కోటకుడి కాటుతో కురూపి అయి, బాహుకుడన్న పేరుతో ఋతుపర్ణుడి దగ్గర గుర్రాలు చూసుకుంటూ బతుకుతాడు. ఒకరోజు రథం మీద పోతుంటే ఋతుపర్ణుడు దారిలో ఒక తాండ్ర చెట్టును చూపించి, దాని కాయలెన్నో ఆకులెన్నో చూపుతోనే చెప్పేస్తాడు. బాహుకుడు నమ్మడు. ఎంత ఆలస్యమైనా సరే, దిగి లెక్కపెట్టి చూడాల్సిందే అంటాడు. దిగి లెక్కపెడతాడు. సరిపోతుంది. అశ్వహృదయం, అంటే గుర్రాల మర్మం, తాను నేర్పుతానని, బదులుగా ఆ లెక్కల విద్య, అక్షహృదయం, నేర్చుకుంటాడు. అది వచ్చిన క్షణానే, నలుణ్ణి ఆవహించి ఇన్నేళ్ళూ లోపల కూర్చున్న కలిపురుషుడు విషం కక్కుతూ బయటికి వస్తాడు.

కలి నలుడికి ధైర్యం వచ్చిందని పోలేదు. దిగి లెక్కపెట్టినాక పోయాడు.

మీ ఇంట్లో ఆ చెట్టు బీరువా మీద ఉంది. ఆ కవర్లు విప్పాలి. ఆయన విప్పలేకపోతే ఆయనకు చెప్పి మీరు విప్పండి, పక్కన కూర్చుంటే చాలనండి. వాటిలో ఏముందో తెలియని భయమే ఇప్పుడు ఆ ఇంట్లో ఎక్కువ. అసలెంత, వడ్డీ ఎంత, ఏ తేదీలోగా ఏం చేయమన్నారు, కోర్టు కాగితం ఏదైనా ఉందా, ఒక నోటుబుక్కులో తేదీల వరసన రాయండి. చేదు సంగతి ఇప్పుడే చెబుతాను, అక్కడికి వెళ్ళినాక విని కుంగిపోకుండా. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, వేరే ఒప్పందం ఉంటే తప్ప, హామీ ఇచ్చినవాడి బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానం. ‘వాణ్ణి పట్టుకోండి, మా జోలికి రాకండి’ అంటే బ్యాంకు వినాల్సిన పని లేదు. ఆ చట్టంలోనే రెండో వైపూ ఉంది. మీరు కట్టినది ఆ అబ్బాయి దగ్గర వసూలు చేసుకునే హక్కు మీ ఆయనకు ఉంటుంది. కాబట్టి కట్టే ప్రతి రూపాయికీ రసీదు ఉండాలి, కాగితం లేకుండా చేతికిచ్చేవి వద్దు. చిత్తూరు జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్ళకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచితంగా న్యాయ సహాయం అందాలి. ఆ నోటుబుక్కు పట్టుకుని వెళ్ళండి. లోక్ అదాలత్‌లో రాజీకి వీలుందా, వన్‌టైం సెటిల్‌మెంట్, అంటే బ్యాంకుతో ఒక మొత్తానికి ఒప్పుకుని అప్పు మూసేయడం, అడగవచ్చా అన్నది వాళ్ళు కాగితాలు చూసి చెబుతారు.

మీ అత్తగారి మాట. కాలు మంచిది కాకపోవడం ఏమిటో, ఆ కాలు ఇంట్లోకి వచ్చినాక ఇన్నేళ్ళు షాపు నడిచిన సంగతి ఏమైందో నాకు తెలియదు! కొడుకు పడుకున్న వైపు చూడలేక ఆ భయాన్ని మీ మీద పోస్తోందని నా అనుమానం. అయినా ఆమె మనసు అర్థం చేసుకుని ఓర్చుకోమని చెప్పను. వాదించి గెలవమనీ చెప్పను. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా ఆడపడుచు, కవయిత్రి తరిగొండ వెంగమాంబను చూడండి. 18వ శతాబ్దంలో, చిన్నతనంలోనే భర్త పోయినా జుట్టు తీయించుకోనన్న పిల్ల. ఊరు ఎన్ని మాటలన్నదో ఊహించుకోవచ్చు. ఆమె అందరికీ జవాబులు చెబుతూ తరిగొండలోనే కూర్చోలేదు, తిరుమలకు వెళ్ళిపోయి రాసుకుంది. ఏకాంత సేవలో ఆమె పేరిట ముత్యాల హారతి ఇప్పటికీ ఇస్తారు. మీరు ఇల్లు వదిలి కొండెక్కనక్కర్లేదు. రోజుకు రెండు గంటలు ఆ మాటలు వినబడని చోట ఉంటే చాలు. అది మీ షాపే ఎందుకు కాకూడదు? జెరాక్సు మిషను నడపడం బ్రహ్మవిద్య కాదు, వారంలో వస్తుంది. తాళాలు మీరు తీసుకుని పొద్దున పదికి షట్టరు ఎత్తండి. ఆయనకు రావాలనిపించిన రోజు వస్తారు.

దేవుడి మీద అనుమానం వచ్చిందని రాసి, తప్పు చేసినట్టు ఆ ఒక్క వాక్యంతో ఆపేశారు. భాగవతంలో గజేంద్రుడు మొసలి నోట్లో కాలుండగా ‘కలడు కలండనెడివాడు కలడో లేడో’ అంటాడు. అంత భక్తుడు పోతన ఆ పద్యాన్ని కొట్టెయ్యలేదు. మెట్ల దారిన నడిచిపోయే ముసలివాళ్ళు కూడా దాన్ని భక్తిగానే పాడుకుంటారు. కాబట్టి దాని గురించి వేరే బెంగ పెట్టుకోకండి, ఉన్నవి చాలు.

ఇక మీ అన్న. ఆయన మంచివాడే, ఏం చేయాలో తెలియక ఫోను మీద వేళ్ళు ఆడిస్తున్నాడు. ఆయనకు ఒక పని చెప్పండి. ఈ ఆదివారం మెసేజీ పంపకుండా మనిషిని రమ్మనండి. వచ్చి మీ ఆయనకు ఏమీ చెప్పకూడదు, షాపు సంగతి ఎత్తకూడదు. భోంచేసినాక ముగ్గురూ కూర్చుని కవర్లు కిందికి దించండి. ఆయన చదవాలి, మీరు రాయాలి, మీ ఆయన వింటే వినవచ్చు, లేకపోతే గోడవైపు తిరిగి పడుకోవచ్చు, ఆ గదిలోనే ఉంటే చాలు.

ఆసుపత్రికి వెళ్ళింది లేనిదీ, నోటుబుక్కులో తేలిన మొత్తం ఎంతో నాకు రాయండి. కోర్టు కాగితం ఏదైనా బయటపడితే మాత్రం నా జవాబు కోసం ఆగకండి, సోమవారం పొద్దున్నే న్యాయ సేవా సంస్థకు వెళ్ళండి.