రెండు రూపాయల వడ్డీతో అడ్వాన్స్ పెరోల్ ప్రయాణమా?

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటాము. 2005లో విజిటర్ వీసాపై వచ్చి ఇక్కడే ఉండిపోయాము. అప్పుడు మూడేళ్ల పిల్లగా ఉన్న మా అమ్మాయికి 2017 నుంచి డాకా (చిన్నప్పుడే వచ్చినవారిని వెనక్కి పంపకుండా, పని చేసుకోనిచ్చే తాత్కాలిక ఏర్పాటు) ఉంది. పార్ట్‌టైమ్ ఉద్యోగం చేసుకుంటూ డిగ్రీ చదువుతోంది. ఇంటి అద్దెలో 900 డాలర్లు, కారుకు, ఫోనుకు మరో 500 డాలర్లు నెలనెలా తనే పెట్టుకుంటుంది. అడ్వాన్స్ పెరోల్ (దేశం దాటి వెళ్లి తిరిగి రావడానికి ముందుగా తీసుకునే అనుమతి) తీసుకుని హైదరాబాద్‌లో ఒక సెమిస్టర్ చదవాలని ఆశపడుతోంది. ఫీజు, బస, టికెట్ కలిపి 11,000 డాలర్లు అవుతాయి. తన దగ్గర 2,300 ఉన్నాయి. ఖమ్మం దగ్గర ఉండే మా తమ్ముడు పొలం కాగితాలు పెట్టి రెండు రూపాయల వడ్డీకి ఏడు లక్షలు తెచ్చి ఇస్తానంటున్నాడు. మిగతాది క్రెడిట్ కార్డు మీద తీసుకుని, తిరిగి వచ్చాక జీతంలోంచి తీర్చేస్తానని అమ్మాయి అంటోంది. ఈ నెలాఖరుకు 500 డాలర్ల డిపాజిట్ కట్టాలి. ఈ ప్రయాణం గ్రీన్ కార్డుకూ పనికొస్తుందని బంధువులు చెబుతున్నారు. కట్టమంటారా?

జవాబు: అమ్మా, డిపాజిట్ ఇప్పుడే కట్టవద్దు. పొలం కాగితాలు ఎవరి చేతిలోనూ పెట్టవద్దని మీ తమ్ముడిగారికి ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి. విదేశంలో చదువు కోసం అప్పు చేసే మన కుటుంబాల్లో పదే పదే కనిపించే పొరపాటు మీ లెక్కలోనూ ఉంది కాబట్టే మీ ఉత్తరానికి ఇంత వివరంగా జవాబు రాస్తున్నాను. వెళ్లడానికి ఎంత అవుతుందో పైసాతో సహా లెక్క వేస్తారు గాని, మధ్యలో జీతం ఆగిపోతే ఇల్లు ఎలా గడుస్తుందన్న లెక్క కాగితం మీదికే రాదు. మామూలు విద్యార్థి వీసా ఉన్నవారిని ఈ పొరపాటు కొన్నాళ్లు ఇబ్బంది పెట్టి వదిలేస్తుంది, డాకా మీద ఉన్నవారికి మాత్రం కోలుకునే దారి కూడా మిగలకపోవచ్చు.

మీ ప్రణాళిక మొత్తం "తిరిగి వచ్చాక జీతం" అన్న ఒక్క మాట మీద నిలబడి ఉంది. ఆ జీతం వర్క్ పర్మిట్ మీద, ఆ పర్మిట్ రెండేళ్లకోసారి జరిగే డాకా రెన్యువల్ మీద ఆధారపడి ఉన్నాయి. రెన్యువల్‌కు దరఖాస్తు చేసే నాటికి మీ అమ్మాయి అమెరికాలోనే ఉండాలి, హైదరాబాద్‌లో కూర్చుని చేయడం కుదరదు. అడ్వాన్స్ పెరోల్ కూడా తిరిగి రానిస్తామన్న హామీ కాదు, చివరి నిర్ణయం విమానాశ్రయంలో ఎదురుగా కూర్చున్న అధికారిదే. పైగా డాకా భవిష్యత్తు ఏళ్ల తరబడి కోర్టుల్లోనే ఉంది. 2025 జనవరిలో ఐదవ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఇచ్చిన తీర్పు రెన్యువల్స్‌ను ఆపలేదు కాబట్టి ఇప్పటికి సరే, కాని ఏడు లక్షల అప్పును అటువంటి ఊగిసలాట మీద పెట్టడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. అమ్మాయి అక్కడ చిక్కుకుపోతే మీరిద్దరూ వెళ్లి ఆదుకోలేరన్నది కూడా మరవకండి. మీరు ఒకసారి ఈ దేశం దాటితే తిరిగి రావడం దాదాపు అసాధ్యం.

ఇప్పుడు వడ్డీ సంగతి. రెండు రూపాయలంటే చిన్న మాటలా వినిపిస్తుంది గాని అది ఏడాదికి ఇరవై నాలుగు శాతం. ఏడు లక్షల మీద నెలకు 14,000 రూపాయలు, రెండేళ్లకు 3,36,000 రూపాయలు వడ్డీకే పోతాయి, అసలు అసలుగానే ఉంటుంది. సెమిస్టర్ నడిచే నాలుగైదు నెలలూ అమ్మాయికి జీతం ఉండదు. మరి ఆ నెలల వడ్డీ ఎవరు కడతారో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. డాకా విద్యార్థులకు ఫెడరల్ రుణాలు రావని, ప్రైవేటు బ్యాంకులు సాధారణంగా సిటిజన్‌నో గ్రీన్ కార్డు ఉన్నవారినో పూచీ అడుగుతాయని నాకు తెలుసు. అయినా ఆ కష్టానికి మందు ప్రామిసరీ నోటు కాదు. క్రెడిట్ కార్డు మీద నగదు తీస్తే రుసుము వేరే పడుతుంది, వడ్డీ ఆ రోజు నుంచే మొదలవుతుంది; ఆ ఊసే వద్దు.

11,000 అన్న అంకె కూడా పూర్తిది కాదు. అడ్వాన్స్ పెరోల్ దరఖాస్తు ఫారం ఐ-131కు 630 డాలర్లు, ఆన్‌లైన్‌లో డాకా రెన్యువల్‌కు 555 డాలర్లు కట్టాలి. 2025 జూలైలో వచ్చిన చట్టం పెరోల్ మీద దేశంలోకి వచ్చేవారికి వెయ్యి డాలర్ల రుసుము కూడా పెట్టింది, దానికి మినహాయింపులు కొద్దిమందికే ఉన్నాయి. మూడూ కలిపితే కనీసం 2,185 డాలర్లు. అంటే అమ్మాయి ఇన్నాళ్లూ కూడబెట్టిన 2,300 దరఖాస్తులకే సరిపోతుంది, విమానం ఎక్కే నాటికి చేతిలో సుమారు వంద డాలర్లు మిగులుతాయి.

అందువల్ల ముందు కావలసింది అత్యవసర నిధి, అది కూడా రెండు భాగాలుగా. మొదటిది ఇక్కడి ఇంటి కోసం: నెలకు 1,400 చొప్పున ఆరు నెలలకు 8,400 డాలర్లు. రెండవది తిరుగు ప్రయాణం కోసం: అనుకున్న తేదీకి ముందే హఠాత్తుగా వచ్చేయవలసి వస్తే టికెట్‌కు 1,500, వచ్చే దారి ఆలస్యమైతే రెండు నెలల బసకు 1,200, ఇక్కడి లాయరు కోసం కనీసం 1,500. మొత్తం 12,600 డాలర్లు అవుతుంది. మీరు లెక్క వేసుకున్న 11,000 కన్నా నిధే ఎక్కువైందని మీరు అనవచ్చు. అవును, మీ పరిస్థితిలో అలాగే ఉండాలి. ఈ డబ్బు అమ్మాయి పేరున, ఏ రోజు కావాలంటే ఆ రోజు తీసుకోగలిగిన సేవింగ్స్ ఖాతాలో ఉండాలి. చీటీలో ఉన్నది నిధి కాదు, తమ్ముడు పంపుతానన్నది అసలే కాదు.

ఆరోగ్య బీమా గురించి ఒక మాట. 2025 ఆగస్టు 25 నుంచి డాకా ఉన్నవారికి మార్కెట్‌ప్లేస్ బీమా (ప్రభుత్వ వేదిక ద్వారా కొనుక్కునే బీమా) మళ్లీ మూసుకుపోయింది. కాలేజీ బీమా ఉంటే అది హైదరాబాద్ ఆసుపత్రి ఖర్చును భరిస్తుందో లేదో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

గ్రీన్ కార్డు గురించి బంధువులు చెప్పినది సగం నిజం, ఆ సగం మీకు వర్తించేది కాదు. తనిఖీ లేకుండా సరిహద్దు దాటి వచ్చినవారు అడ్వాన్స్ పెరోల్ మీద వెళ్లి వస్తే, తరువాత సిటిజన్ భర్త ద్వారానో భార్య ద్వారానో దరఖాస్తు చేసేటప్పుడు అది ఉపయోగపడుతుంది. మీ అమ్మాయి వీసాపై, తనిఖీ జరిగాకే వచ్చింది కనుక ఆ లాభం ఆమెకు కొత్తగా ఒరిగేది లేదు. అనుమతి లేకుండా ఏడాదికి పైగా ఉండి దేశం దాటినవారు తిరిగి రాకుండా పడే పదేళ్ల నిషేధం అడ్వాన్స్ పెరోల్ మీద వెళ్లినంత మాత్రాన పడదని 2012లో వచ్చిన తీర్పు పేరు "అర్రబల్లి, ఎర్రబెల్లి" అని చూడగానే మనవాళ్ల కేసని తెలిసిపోతుంది, బహుశా అందుకే మన ఇళ్లలో దానికి ఇంత ప్రచారం. ఆ తీర్పు మీ అమ్మాయికి ఎంతవరకు వర్తిస్తుందో ఇమిగ్రేషన్ లాయరు చెప్పాలి, పెళ్లి భోజనాల దగ్గర తేలే విషయం కాదు.

సెమిస్టర్‌కు బదులు నాలుగు వారాల వేసవి కోర్సు చూడండి. ఉద్యోగం పోదు, ఖర్చు బాగా తగ్గుతుంది, ఇంటికి మూడు నెలల నిధి ఉన్నా నేను ఒప్పుకుంటాను. న్యూజెర్సీ రాష్ట్ర సహాయానికి 2018 నుంచి డాకా విద్యార్థులూ దరఖాస్తు చేసుకోవచ్చు, అందులో ఏమైనా ఈ కోర్సుకు వాడుకోవచ్చేమో, కాలేజీ సొంత స్కాలర్‌షిప్ ఉందేమో అడగండి. భారత పాస్‌పోర్టుకు భారతదేశంలో వీసా అక్కరలేదు గాని, చవకని లండన్ మీదుగా టికెట్ కొంటే అక్కడ ట్రాన్సిట్ వీసా అడిగే అవకాశం ఉంది. పెరోల్ కాగితం చేతికి రాకముందు ఏ టికెట్టూ కొనవద్దు.

డిపాజిట్ విషయంలో, అడ్వాన్స్ పెరోల్ రాకపోతే 500 డాలర్లు వెనక్కి ఇస్తామని ప్రోగ్రాం వారు ఈమెయిల్‌లో రాసి ఇస్తే, పైన చెప్పిన నిధి సిద్ధమయ్యాక వచ్చే ఏడాదికి కట్టండి. రాసి ఇవ్వబోమంటే ఆ సీటు వదిలేయండి.