ప్రతి చోటికీ ఒక మెయిల్ చిరునామా

నాయనా శ్రీనూ,

ఇంటర్వ్యూ పిలుపు మెయిల్‌లో వచ్చి వారమైనా నువ్వు చూసుకోలేదని మీ అమ్మ చెప్పి బాధపడింది. ఆఫర్లు, లోన్ ప్రకటనల కింద అది కూరుకుపోయింది. తిరుపతిలో గది తీసుకుని ఉద్యోగం కోసం ఇంత కష్టపడుతున్నావు, ఇంకోసారి ఇలా కాకూడదు.

నీ జీమెయిల్ పేరు తర్వాత, ఆట్ గుర్తుకు ముందు, ఒక ప్లస్ పెట్టి ఏదో ఒక మాట చేర్చు. శ్రీను+జాబ్స్, శ్రీను+షాపింగ్, ఇలా. ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీ లేకుండా రాయాలి. కొత్త అకౌంట్ అక్కర్లేదు, అన్నీ నీ ఇన్‌బాక్స్‌కే వస్తాయి. తర్వాత కంప్యూటర్‌లో జీమెయిల్ సెట్టింగ్స్ తెరిచి ఫిల్టర్ పెట్టు. ‘టు’ అన్న గడిలో ప్లస్‌తో సహా మొత్తం చిరునామా రాయి. జాబ్స్‌కి వచ్చినవి స్పామ్‌లోకి పోకుండా, స్టార్ పడేలా టిక్ పెట్టు. షాపింగ్‌వి ఇన్‌బాక్స్‌లోకి రాకుండా నేరుగా ఒక లేబుల్ కిందికి పోనీ.

నాకు మరీ నచ్చింది ఇంకొకటుంది. ఇక్కడ చిత్తూరులో ఒక దుకాణంవాళ్లు బిల్లుకి మెయిల్ అడిగితే, ప్లస్ వెనక వాళ్ల పేరే తగిలించి ఇచ్చాను. కొన్నాళ్లకు ఎవరో ప్లాట్లు అమ్ముతామంటూ రాశారు. పంపినవాళ్ల పేరు కింద ‘టు మీ’ పక్కన చిన్న బాణం ఉంటుంది చూడు, అది నొక్కితే దుకాణానికిచ్చిన చిరునామానే కనిపించింది. వాళ్లే ఇచ్చారో, వాళ్ల దగ్గర ఎవరైనా కొట్టేశారో చెప్పలేను గానీ, ఎక్కడినుంచి జారిందో మాత్రం తేలిపోయింది. ఇప్పుడు దానికొచ్చేవన్నీ వాటంతటవే డిలీట్ అవుతున్నాయి.

అయితే దీంతో నీ అసలు చిరునామా దాగదు. ప్లస్ నుంచి ఆ మాటదాకా తీసేస్తే ఎవరికైనా దొరుకుతుంది. పూర్తిగా దాచాలంటే ఫైర్‌ఫాక్స్ రిలే లాంటి సేవ వాడు, అది వేరే మారు చిరునామాలిచ్చి వాటికొచ్చిన మెయిళ్లని నీకు చేరవేస్తుంది. ఉచితంగా 5 చిరునామాలిస్తారు, వద్దనుకున్నప్పుడు ఆపేయొచ్చు. కొన్ని ఫారాలు ప్లస్ గుర్తునే ఒప్పుకోవు, అక్కడ మామూలుదే ఇచ్చెయ్. బ్యాంకుకీ అంతే, ప్రయోగాలొద్దు.

ఎక్కడ ఏది ఇచ్చావో డైరీలో రాసుకో. పాస్‌వర్డ్ మరిచిపోయిన రోజు ఆ సైట్ అడిగేది ప్లస్‌తో ఇచ్చిన చిరునామానే. ముందు ఉద్యోగాల సైట్లలో మార్చు, షాపింగ్ సంగతి తర్వాత చూద్దువు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న