సోషియాలజీలో చేరిన మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

ఎం.ఏ. సోషియాలజీలో సీటు వచ్చిందంటే చాలా సంతోషమేసిందమ్మా. సిద్ధాంతాలన్నీ కలగాపులగం అయిపోతున్నాయి, టెన్షన్‌గా ఉంది అన్నావు. ఇన్నేళ్లు ఆ పాఠాలే చెప్పినవాణ్ని కనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

గైడ్లు కొన్నాళ్లు పక్కన పెట్టు. ఎవరి గురించి చదివినా ఆయన్ని వేధించిన ప్రశ్న ఏమిటో ముందు పట్టుకో. ఫ్రెంచి విప్లవం తర్వాతి గందరగోళంలో పెరిగిన ఆగస్ట్ కోమ్ట్, సమాజాన్నీ సైన్సులా చదవాలని 1838లో ఈ శాస్త్రానికి పేరు పెట్టాడు. మనిషి ఆలోచన మతం, తత్వం, సైన్సు అనే మెట్ల మీదుగా సాగుతుందన్న ఆయన మూడు దశల సూత్రం పరీక్షకి చదువుకుంటే చాలు.

ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త డర్క్‌హైమ్ దగ్గర మాత్రం తొందరపడకు. ఆత్మహత్య పూర్తిగా మనిషి సొంత బాధ అనుకుంటాం కదా. ఆయన దేశాలవారీగా లెక్కలు తీసి, కేథలిక్కుల కన్నా ప్రొటెస్టెంట్లలో, పెళ్లైనవాళ్ల కన్నా కానివాళ్లలో రేటు ఎక్కువని 1897లో చూపించాడు. మనిషిని నలుగురితో కలిపే బంధం సడలితే ఏమవుతుందో అంకెల్లో కనిపించింది. ఆ సర్కారు లెక్కల్ని ఎంతవరకు నమ్మొచ్చని తర్వాతివాళ్లు నిలదీశారు. ఆ విమర్శ కూడా చదువు.

సరిగ్గా అదే 1897లో మన విజయనగరం గురజాడ రాసిన 'కన్యాశుల్కం' నాటకం అచ్చైంది. దాని ఇంగ్లీషు పీఠిక తప్పకుండా చూడు. మహారాజావారు విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ల పెళ్లిళ్ల జాబితా తీయిస్తే శుల్కం పుచ్చుకున్నవి 1,034 తేలాయి. అందులో 99 మంది అయిదేళ్ల పిల్లలు. సోషియాలజీ అంటే ఎక్కడో యూరప్ వ్యవహారం అని ఎవరైనా అంటే ఈ లెక్క చెప్పు.

మార్క్స్, వెబర్‌లను జంటగా చదువు. ఆస్తి ఎవరిది, పని ఎవరిది అని మార్క్స్ అడుగుతాడు. ఆ పనికి మనిషి తన మనసులో ఏ అర్థం ఇచ్చుకున్నాడో కూడా తెలియాలంటాడు జర్మన్ సమాజశాస్త్రవేత్త వెబర్. నా మొగ్గు వెబర్ వైపు, కానీ మన జిల్లాల భూముల సంగతి మార్క్స్ లేకుండా అర్థం కాదు. అంబేద్కర్ 1916లో కొలంబియా యూనివర్సిటీలో చదివిన కులాల వ్యాసం సిలబస్‌లో ఉన్నా లేకపోయినా చదువు. కులం లోపలే పెళ్లి అన్న ఒక్క కట్టుబాటు నుంచి మొత్తం కులవ్యవస్థను విప్పి చూపిస్తాడు.

ఇక ఫంక్షనలిజం (సమాజాన్ని ఏది నిలబెడుతోందన్న చూపు), సంఘర్షణ సిద్ధాంతం (ఎవరి పెత్తనం సాగుతోందన్న చూపు), ఇంటరాక్షనిజం (మనుషులు ఎదురుపడ్డప్పుడు ఏం జరుగుతుందన్న చూపు). ఈ మూడింటినీ మీ శ్రీకాకుళం ఉద్దానం నుంచి పనికోసం పోయే వలసల మీద పెట్టి చూడు. హైదరాబాదు, చెన్నై నుంచి వచ్చే డబ్బు ఇంటిని, ఊరి పండగని ఎలా నిలబెడుతోంది? ఇది మొదటి చూపు. అడ్వాన్సు ఇచ్చిన మేస్త్రీకీ, తీసుకున్న కూలీకీ మధ్య ఎవరి మాట చెల్లుతుంది? ఇది రెండోది. సెలవుకి వచ్చినవాణ్ని ఊళ్లో ఎలా పలకరిస్తారు, వాడు ఏం చెప్పుకుంటాడు, ఏం దాస్తాడు? ఇది మూడోది. ఒకే వలస మూడు రకాలుగా కనిపిస్తుంది. ఏ చూపుకి ఏది అందలేదో కూడా రాసుకో, మార్కులు అక్కడే ఉంటాయి.

మనుషుల దగ్గరికి కాగితం, పెన్ను పట్టుకుని వెళ్లిపోకు. అరుగు మీద కూర్చుని ముందు వాళ్లు చెప్పింది విను. మీ వీధిలోనే అడిగి ఊరంతా తెలిసిందనుకోకు తల్లీ, ఊరి చివర వీధికి కూడా వెళ్లు. అప్పుల సంగతులు చెప్పినవాళ్ల పేర్లు నీ నోట్సులో కూడా రాయొద్దు.

దసరాకి ఇంటికి వెళ్తావుగా. తిరిగి వచ్చేటప్పుడు పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర చూడ్డానికి ఇక్కడ దిగు. జనం ఒక్కచోట చేరినప్పుడు పుట్టే ఆవేశం గురించి డర్క్‌హైమ్ 1912లో రాసిన భాగం చదివి రా. సిరిమాను ముందు బెస్తవారి వల, పాలధార, తెల్ల ఏనుగు నడుస్తాయి కదా, ఏ పని ఎవరిదో, ఎందుకు వాళ్లదే అయిందో పెద్దవాళ్లని అడుగుదాం.

మీ అమ్మని అడిగానని చెప్పు.

మీ మావయ్య
విజయనగరం